పాత బడిని పడగొట్టకండి, ఊరికి అప్పగించండి

ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల కలెక్టర్లకు, ఉట్నూరు ఐటీడీఏ ప్రాజెక్టు అధికారి గారికి



ఊరికి కొత్త బడి మంజూరైందంటే సంతోషించని వాళ్ళుండరు. నాకూ సంతోషమే. కానీ చాలాచోట్ల కొత్తదానికి ముగ్గు పోయకముందే పాత బడి నేలమట్టమవుతున్నది. శిథిలావస్థలో ఉందని ఇంజనీరు ఒక కాగితం రాస్తారు. సెలవుల్లో జేసీబీ వస్తుంది. టేకు దూలాలు వేలంలో పోతాయి, పెంకులు ఎవరికి దొరికినన్ని వాళ్ళు ఎత్తుకుపోతారు. పొద్దున మొదలైన పని పొద్దు గుంకకముందే అయిపోతుంది. మూడు తరాలు అక్షరాలు దిద్దిన చోటు ఒక్క పూటలో ఖాళీ జాగా అవుతుంది. ఊరివాళ్ళను పిలిచి ఒక్క మాట అడిగిన దాఖలా చాలాచోట్ల ఉండదు. ఆ ఒక్క మాట అడగమని కోరడానికే ఈ ఉత్తరం.

ముందుగా పిల్లల సంగతి. 2025 జులై 25న రాజస్థాన్‌లోని ఝాలావాడ్ జిల్లా పిప్లోదిలో ప్రభుత్వ బడి కప్పు కూలి ఏడుగురు పిల్లలు చనిపోయారు. 2004 జులైలో తమిళనాడులోని కుంభకోణంలో బడి వంటశాల కప్పుకు అంటుకున్న మంట 94 మంది పసివాళ్ళను బలి తీసుకుంది. ఆ తల్లిదండ్రులు గుర్తుకొస్తే పాత గోడల అందం గురించి ఎవరికీ నోరు పెగలదు. నేనూ ఆ వాదం చేయడం లేదు. కప్పు మీద ఏ కొంచెం అనుమానం ఉన్నా ఆ రోజే పిల్లలను బయటికి తేవాలి, ఆ గదికి తాళం వేయాలి, కొత్త గదులు కట్టాలి. ఇందులో రెండో మాట లేదు.

అయితే తరగతి నడపడానికి పనికిరాదు అనడం వేరు, నిలబెట్టడానికే పనికిరాదు అనడం వేరు. మీ కాగితాల్లో ఈ రెండూ ఒకే ముద్ర కింద కలిసిపోతున్నాయి. నలభై మంది పిల్లలు రోజూ ఆరేడు గంటలు కూర్చునే గదికి కావలసిన వెలుతురు, వెడల్పు, మరుగుదొడ్డి, వంటగది పాత బడిలో ఉండకపోవచ్చు. అదే గది బాగుచేస్తే నెలకు రెండుసార్లు మహిళా సంఘం కూర్చోవడానికి, పొద్దూకినంక నలుగురు పేపర్లు చదువుకోవడానికి, ఊరి పంచాయితీ తెగడానికి చక్కగా సరిపోతుంది. తరగతికి పనికిరాదని తేలిన రోజే దాని పని అయిపోయిందని ఎందుకనుకోవాలి?

మానేరు, గోదావరి ఒడ్డు ఊళ్ళల్లో ఇంకా మిగిలిన పాత బళ్ళను ఒకసారి దగ్గరగా చూడండి. మూరెడుకు పైగా మందం గోడలు, డంగు సున్నం పూత, టేకు వాసాల మీద గూన పెంకులు. బయట మే నెల ఎండ నలభై అయిదు డిగ్రీలు కాస్తున్నా లోపల కూర్చోగలం. గోడలో గూళ్ళుంటాయి. సుద్ద ముక్కలు, హాజరుపట్టీ, కొట్టడానికి వాడే బెత్తం అన్నీ అందులోనే. బోర్డంటే చెక్కబోర్డు కాదు, గోడమీదే నున్నగా గిలాబు చేసి నలుపు పూసిన పలక. దసరా సెలవులకు ముందు పిల్లలే పాత బ్యాటరీలు పగలగొట్టి, ఆ మసిలో ఆకు పసరు కలిపి దానికి పూసేవాళ్ళు. వాకిట్లో వేపచెట్టు కొమ్మకు రైలు పట్టా ముక్క వేలాడేది, అదే గంట. కొన్నిచోట్ల గుమ్మం పక్కన శాబాదు బండ మీద దాత పేరు చెక్కి ఉంటుంది. పేరు లేని దాతలు చాలా ఎక్కువ. ఒకరు జాగా ఇచ్చారు, ఒకరు బండి కట్టి అడవి నుంచి కర్ర తెచ్చారు, ఒడ్డెర వాళ్ళు బండ కొట్టారు, కుమ్మరి వాళ్ళు పెంక కాల్చారు, ఆడవాళ్ళు నీళ్ళు మోసి మట్టి తొక్కారు. ఎస్టిమేట్లలో ఈ కష్టానికి గడి ఉండదు.

ఈ గోడలు ఎందుకు పాడవుతున్నాయో కూడా చెప్పుకోవాలి. ముసలిదనం ఒక్కటే కారణం కాదు. అడవులు పలచబడి కోతులు ఊళ్ళ మీద పడ్డప్పటి నుంచి గూన పెంక నిలవడం లేదు. ఒక్క గుంపు దూకితే పది పెంకులు జారతాయి. జారిన పెంకును ఆ వారంలోనే సర్దితే వెయ్యి రూపాయల పని. సర్దకపోతే ఆ సందులోంచి రెండు వానకాలాలు నీళ్ళు కారి వాసం పుచ్చుతుంది, వాసం పుచ్చితే దూలం వంగుతుంది, దూలం వంగితే గోడ పగులుతుంది. అప్పుడు ఇంజనీరు వచ్చి శిథిలం అని రాస్తారు. ఆయన రాసింది నిజమే. కానీ ఆ రెండేళ్ళలో ఎవరూ నిచ్చెన వేయలేదన్నదీ నిజమే. ఇంకో తప్పు మంచి ఉద్దేశంతోనే జరుగుతుంది. సున్నపు గోడ పెచ్చులూడితే దానిమీద సిమెంటు పూస్తారు. సున్నం గాలి పీల్చుకుంటుంది, చెమ్మను బయటికి వదులుతుంది. సిమెంటు ఆ దారి మూసేస్తుంది. లోపల చిక్కిన తేమ గోడ అడుగును తినేస్తుంది. బాగుచేయించామనుకున్న గోడ అంతకు ముందుకన్నా తొందరగా పడిపోతుంది. సున్నం పని తెలిసిన మేస్త్రీలు మన జిల్లాల్లో ఇంకా ఉన్నారు, గుళ్ళ మరమ్మతుల్లో పనిచేస్తున్నారు. బడికి వాళ్ళను పిలవాలన్న ఆలోచనే రావడం లేదు.

కరీంనగర్ వైపు బడి అనేది అంత తేలిగ్గా వచ్చింది కాదు. నిజాం రాజ్యంలో పెద్ద చదువు ఉర్దూలో. తెలుగు బడి పెట్టుకోవాలన్నా, నలుగురు కూడి సభ చేసుకోవాలన్నా సర్కారు అనుమతి కావాలి. సభలకు ఆ ఆంక్ష పెట్టిన గస్తీ నిషాన్ 53 అన్న ఉత్తర్వు మాట అప్పటి పెద్దల నోట ఇప్పటికీ వినిపిస్తుంది. 1935లో సిరిసిల్లలో మాడపాటి హనుమంతరావు అధ్యక్షతన నాలుగో ఆంధ్ర మహాసభ జరిగింది. పిల్లలకు తొలి చదువు తల్లిభాషలో కావాలన్నది ఆ మహాసభలు పట్టుబట్టి అడిగిన వాటిలో ఒకటి. సిరిసిల్ల పక్క హనుమాజీపేటలో పుట్టిన సి. నారాయణరెడ్డి సిరిసిల్లలో, కరీంనగర్‌లో ఉర్దూ మాధ్యమంలోనే చదివి, 1988లో తెలుగు కవిత్వానికి జ్ఞానపీఠం తెచ్చారు. మా ముసలివాళ్ళు ఏ తరగతి అని చెప్పరు, ఏడో జమాతు దాకా చదివినం అంటారు. ఆ మాటలో ఒక కాలమంతా ఉంది. 1959 తర్వాత పంచాయతీ సమితులు వచ్చాక ఊరూరా బడి గదులు లేచాయి. అవీ సగం సర్కారు పైసలు, సగం శ్రమదానం. అంటే మీరు ఈ రోజు మండల పరిషత్ ఆస్తి అని రాసుకున్న గదుల్లో చాలావాటికి ఊరు అసలు పెట్టుబడిదారు.

ఆదిలాబాద్ వైపు వెళ్తే ఈ మాట ఇంకా లోతుగా తగులుతుంది. మార్లవాయి సంగతి మీకు తెలుసు. కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా జైనూరు మండలంలో గోండు గూడెం. దాని కథ ప్రతి బడి తలుపు మీదా అతికించదగినది కనుక ఇక్కడ కొంచెం నిలబడి చెప్తాను.

1940లో జోడేఘాట్‌లో గోండుల నాయకుడు కుమురం భీం నేలకొరిగాడు. భూమి, అడవి కోసం గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవలసిన అవసరం నిజాం సర్కారుకు అప్పుడు వచ్చింది. వియన్నాలో పుట్టిన మానవశాస్త్రవేత్త క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ ఆ సమయానికి హైదరాబాద్ రాజ్యంలోనే ఉన్నారు. రెండో ప్రపంచయుద్ధం వచ్చి, ఆయన చేతిలో ఉన్న పాస్‌పోర్టు శత్రుదేశానిది కావడంతో హైదరాబాద్ రాజ్యం దాటకూడదన్న ఆంక్ష పడింది. నల్లమలలో చెంచులను, గోదావరి ఒడ్డున కొండరెడ్లను అధ్యయనం చేసి, భార్య బెట్టీ ఎలిజబెత్‌తో కలిసి ఆదిలాబాద్ గోండుల దగ్గరికి వచ్చారు. మార్లవాయిలో గోండుల ఇళ్ళలాంటి ఇంట్లోనే కాపురం పెట్టారు. బంగళా కట్టించుకోలేదు.

ఆయన సర్కారుకు చెప్పినవాటిలో రెండు ముఖ్యం. ఒకటి, ఆదివాసుల భూమికి వాళ్ళ పేరున పట్టాలివ్వాలి. రెండు, వాళ్ళకు చదువు కావాలి, ఆ చదువు వాళ్ళ భాషలో మొదలుకావాలి. 1943లో మార్లవాయిలోనే గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం మొదలైంది. అప్పటికి అక్షరం ముక్క వచ్చిన గోండులు వేళ్ళమీద లెక్కపెట్టేంత మంది. బయటి నుంచి సార్లను తెస్తే పిల్లల మాట వాళ్ళకు రాదు, వాళ్ళ మాట పిల్లలకు రాదు. అందుకని కాస్త చదవడం వచ్చిన గోండు యువకులనే పట్టుకొచ్చి, సార్లుగా తయారుచేసి, వాళ్ళ వాళ్ళ గూడేలకు పంపారు. దేవనాగరి లిపిలో గోండీ వాచకాలు అచ్చు వేశారు. ఆ పుస్తకాల్లో పిల్లలు చూసింది వాళ్ళ ఊరినే, వాళ్ళ పశువులనే, వాళ్ళ దేవుళ్ళనే. ఈ పనిలో సేతు మాధవరావు పగడి పాత్ర పెద్దది. మరాఠీలో పేరున్న చరిత్రకారుడాయన. ఆదిలాబాద్‌లో అధికారిగా ఉండి గోండీ నేర్చుకున్నారు, గోండీకి వ్యాకరణం రాశారు. ఒక అధికారి తన పరిధిలోని ప్రజల భాష నేర్చుకుని దానికి వ్యాకరణం రాయడం మన జిల్లాల చరిత్రలో మళ్ళీ మళ్ళీ జరిగే సంగతి కాదు.

మార్లవాయిలో తయారైన సార్లు బళ్ళు నడపడంతో ఆగలేదు. పట్టాకాగితం చదివి పెట్టేవాళ్ళు గూడెంలోనే దొరికారు. అటవీ చౌకీదారు చూపించిన రశీదులో ఎంత రాసి ఉందో చెప్పేవాళ్ళు దొరికారు. షావుకారు పద్దు సరిచూసేవాళ్ళు దొరికారు. గూడేనికి బడి వచ్చిందంటే మోసపోకుండా నిలబడే ధైర్యం వచ్చిందని అర్థం. బడి గోడల మధ్య జరిగిన అసలు పని ఇది. అందుకే ఆ గోడలను ఇటుక లెక్కన చూడవద్దని మిమ్మల్ని అడుగుతున్నాను.

తర్వాతి కథ మీకు తెలిసిందే. 1956లో రాష్ట్రాల పునర్విభజన జరిగాక మాధ్యమం తెలుగైంది. గోండీ వాచకాలు మూలపడ్డాయి. తరవాతి దశాబ్దాల్లో తిరిగొచ్చిన హైమన్‌డార్ఫ్, ఆదివాసుల భూములు చేతులు మారిన తీరు చూసి, నిలిచిపోయిన పనులు చూసి, 1982లో వచ్చిన తన పుస్తకంలో బాధను దాచుకోకుండా రాశారు. 1987 జనవరిలో బెట్టీ హైదరాబాద్‌లో కన్నుమూస్తే మార్లవాయిలోనే మట్టి చేశారు. 1995లో ఆయన లండన్‌లో పోయారు. కొన్నేళ్ళకు ఆయన అస్థికలు కూడా మార్లవాయికే వచ్చాయి. ఇప్పుడు ఇద్దరి సమాధులు పక్కపక్కనే ఉన్నాయి. ఏటా జనవరి 11న చుట్టుపక్కల గూడేల నుంచి జనం వచ్చి, గోండు పద్ధతిలో మొక్కి, సభ జరుపుకుంటారు. అధికారులూ వస్తారు, మీలో కొందరు వెళ్ళే ఉంటారు. గుస్సాడీ నృత్యానికి 2021లో పద్మశ్రీ అందుకున్న కనక రాజు ఇదే ఊరివారు. 2024 అక్టోబరులో ఆయనా వెళ్ళిపోయారు.

ఒక్క లెక్క వేయండి. 1943లో మార్లవాయిలో శిక్షణ కేంద్రం తెరిచిన రోజు పదేళ్ళు ఉన్న పిల్లవాడికి ఇప్పుడు తొంభై దాటి ఉంటాయి. ఎక్కడ కూర్చుని చదివారు, మొదటి సార్లు ఎవరు, ఆ సార్లు ఏ గూడేనికి వెళ్ళి ఏ చోట బడి పెట్టారు అన్నది చూసిన కళ్ళతో చెప్పగలిగినవాళ్ళు మనకు ఇంకెన్నాళ్ళు దొరుకుతారు? జైనూరు, నార్నూరు, సిర్పూరు, ఉట్నూరు, ఇంద్రవెల్లి వైపు ఆశ్రమ పాఠశాలల ఆవరణల్లో, గూడేల అంచుల్లో పాత బడి గదులు, సార్ల ఇళ్ళు ఎక్కడెక్కడ మిగిలాయో ఐటీడీఏ దగ్గర ఒక పట్టిక ఉండాలి. దాంట్లో గది కొలతలతో పాటు అది ఎవరు కట్టారు, ఎవరు చదువుచెప్పారు అన్నది ఊరివాళ్ళ నోటి మాటగా రాసుకోవాలి. ఈ పనికి కోట్లు అక్కర్లేదు. గోండీ, కొలామీ మాట్లాడే డిగ్రీ పిల్లలు ఉట్నూరు చుట్టూ వందల్లో ఉన్నారు. ఒక్క వేసవిలో వాళ్ళు చేసిపెడతారు.

జోడేఘాట్‌లో భీం పేరున స్మారకం, మ్యూజియం కట్టారు. అది జరగవలసిన పని, జరిగింది. కానీ ప్రతి జ్ఞాపకానికీ మ్యూజియమే దారి కాదు. గాజుపెట్టెలో పెట్టి, కాపలా మనిషిని పెట్టి, అయిదింటికి తాళం వేసే చోటుతో పల్లెకు రోజువారీ సంబంధం ఉండదు. పాత బడికి కావలసింది రోజూ తెరుచుకునే తలుపు. మార్లవాయి సమాధులు ఇన్నేళ్ళుగా చెక్కుచెదరలేదంటే కారణం ఏటేటా జనం అక్కడికి చేరడమే. మనుషులు వాడే కట్టడానికి పెంక జారితే ఆ రోజే కనిపిస్తుంది.

గోండు గూడేల్లో రాయి సెంటర్లు ఉన్నాయి. పటేలు, పెద్దలు కూర్చుని తగాదాలు గూడెంలోనే తెంపుకునే సభలవి. దీపావళి ముందు దండారీ పండుగ మొదలైతే గుస్సాడీలు, డప్పులు, వచ్చిపోయే బృందాలకు బస కావాలి. పాత బడి గదులు ఈ పనులకు ఎంత బాగా నప్పుతాయో వేరే చెప్పాలా? గుంజాలలో దొరికిన గోండీ లిపి రాతప్రతుల గురించి దేశమంతా మాట్లాడింది. 2018లో ఆ లిపి యూనికోడ్‌లో కూడా చేరింది. కంప్యూటర్ తెర మీదికి వచ్చిన ఆ అక్షరం గూడెంలో పిల్లలు సాయంత్రం కూర్చుని దిద్దుకునే చోటుకు కూడా రావాలి. అందుకు పాత బడి కన్నా తగిన జాగా నాకు తోచడం లేదు.

కింద కరీంనగర్ వైపు ఇంకో రకం నష్టం చూశాం. మిడ్ మానేరు, ఎల్లంపల్లి జలాశయాల కింద ఊళ్ళకు ఊళ్ళు మునిగాయి. రామగుండం వైపు బొగ్గు ఓపెన్‌కాస్టులు ఊళ్ళను మింగాయి. ఇంటికి లెక్క కట్టారు, బావికి లెక్క కట్టారు, మామిడిచెట్టుకూ లెక్క కట్టారు. బడి సర్కారుది కాబట్టి సర్కారే లెక్క చూసుకుంది. పునరావాస కాలనీలో కొత్త బడి వచ్చింది, అయితే పాత బడికి ఒక ఫోటో అయినా మిగిలిందా అంటే చాలా ఊళ్ళలో లేదు. నీళ్ళు తగ్గిన వేసవిలో మునిగిన గుడి గోపురం, గోడలు బయటపడితే జనం వెళ్ళి చూసి, కండ్ల నీళ్ళు పెట్టుకుని వస్తారు. ఆ ఊళ్ళకు ఇక చేయగలిగింది లేదు. ఇంకా నేలమీద ఉన్న ఊళ్ళకైనా ఆ గతి పట్టించకండి.

బయటి దేశపు అనుభవం ఒకటి చెప్తాను, ఎందుకంటే అది మన గూడేల కథకు చాలా దగ్గర. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో నల్లజాతి పిల్లలకు సరైన బళ్ళు లేని రోజుల్లో, బుకర్ టి. వాషింగ్టన్ అనే నల్లజాతి విద్యావేత్త, జూలియస్ రోజెన్‌వాల్డ్ అనే వ్యాపారి కలిసి పల్లె బళ్ళ పథకం పెట్టారు. 1912 నుంచి 1932 దాకా 15 రాష్ట్రాల్లో దాదాపు 5,000 బళ్ళు లేచాయి. షరతు ఏమిటంటే ఊరు కూడా తన వాటా వేయాలి. పైసలు లేనివాళ్ళు జాగా ఇచ్చారు, కలప ఇచ్చారు, రెక్కల కష్టం ఇచ్చారు. 1954లో అక్కడి సుప్రీంకోర్టు తీర్పుతో నల్ల, తెల్ల పిల్లలకు వేర్వేరు బళ్ళ పద్ధతి చట్టవిరుద్ధమయ్యాక క్రమంగా ఇవి మూతపడ్డాయి, కూలిపోయాయి. 2002లో అక్కడి జాతీయ పరిరక్షణ సంస్థ వీటిని ప్రమాదంలో ఉన్న చారిత్రక స్థలాల జాబితాలో పెట్టింది. అప్పటికి పదోవంతు మిగిలాయేమో. ఆ మిగిలినవాటిలో చాలావాటిని నిలబెట్టింది అక్కడ చదువుకున్న ముసలివాళ్ళే. చందాలు వేసుకుని కప్పులు మార్చి, వాటిని సామాజిక భవనాలుగా, వృద్ధులు కూడే చోట్లుగా వాడుకుంటున్నారు. తమ చేతులతో కట్టుకున్నది కాబట్టి వదులుకోలేకపోయారు. మన శాబాదు బండ మీది పేర్ల వెనకా ఇదే కథ.

మనకూ అలాంటి బలం ఉంది. పదో తరగతి బ్యాచుల ఆత్మీయ సమ్మేళనాలు మన జిల్లాల్లో జరిగినంతగా ఎక్కడా జరగవేమో. పాతికేళ్ళు, ముప్ఫై ఏళ్ళ తర్వాత దుబాయి నుంచి, భీవండి నుంచి, హైదరాబాద్ నుంచి వచ్చి కలుస్తారు. సార్లకు శాలువాలు కప్పి కాళ్ళు మొక్కుతారు. ఆ రోజు అందరూ చేసే పని ఒకటే, పాత గది వెతుక్కుంటూ వెళ్ళి గుమ్మంలో నిలబడి ఫోటో దిగడం. ఆ గది లేకపోతే ఫంక్షన్ హాలులో భోజనం చేసి వెళ్ళిపోతారు. ఫ్లెక్సీలకు, భోజనాలకు ఒక్కో బ్యాచ్ పెట్టే ఖర్చులో సగం చాలు, ఒక గది పెంకలు మార్చి, వాసాలకు చెదల మందు పూయించి, సున్నం వేయించడానికి. వాళ్ళు ఇస్తారు. అడిగేవాళ్ళు కావాలి, ఆ పైసలు తీసుకుని రశీదు ఇవ్వడానికి ఒక ఖాతా కావాలి, రేపు ఎవరూ వచ్చి ఆ గదిని పడగొట్టరన్న హామీ కావాలి. మూడోది మీ చేతిలోనే ఉంది.

వాడకానికి కరువేమీ లేదు. 2018 పంచాయతీరాజ్ చట్టంతో తండాలు, గూడేలు వేలల్లో పంచాయతీలయ్యాయి, చాలాచోట్ల సొంత కచేరీ లేక అద్దెకో, అరువుకో నడిచాయి. మహిళా సంఘాలు ఎవరింటి అరుగు మీదో కూర్చుని లక్షల లెక్కలు చూసుకుంటున్నాయి. పోటీ పరీక్షలకు చదివే పిల్లలు చెట్ల కింద, గుడి మెట్ల మీద కూర్చుంటున్నారు. బీడీలు చుట్టే ఆడవాళ్ళకు నలుగురు కలిసి కూర్చునే నీడ కావాలి. ఊరిలో ఇన్ని అవసరాలుండగా గట్టి గోడలున్న గదిని కూలగొట్టి, దాని జాగాలో గడ్డి మొలవనివ్వడం మంచి పాలన అనిపించుకోదు. పిల్లలు ఒక్కరూ లేక మూతపడిన బళ్ళ సంగతి కూడా ఇందులోదే. తాళం వేసిన రెండో ఏడు నుంచి తలుపులు పోతాయి, మూడో ఏడుకు మందుసీసాలు చేరతాయి.

అందుకని మీరు చేయదగిన పనులు విన్నవిస్తున్నాను. ఏ బడినైనా కూల్చాలన్న ఉత్తర్వు మీద సంతకం పెట్టేముందు గ్రామసభ తీర్మానం అడగండి. షెడ్యూల్డ్ ప్రాంతంలో ఇది మీ దయ కూడా కాదు. తన సంప్రదాయాలను, ఉమ్మడి వనరులను కాపాడుకునే అధికారాన్ని 1996 నాటి పెసా చట్టమే గ్రామసభకు ఇచ్చింది. ఇంజనీరు ఇచ్చే కాగితంలో శిథిలం అన్న ఒక్క మాటతో సరిపెట్టకుండా, కప్పు ఎంత పోయింది, గోడ ఎంత నిలిచింది, బాగుచేస్తే ఎంత అవుతుంది అని మూడు ముక్కలు రాయించండి. బాగుచేయలేనిదైతే కూల్చండి, ఎవరూ అడ్డుపడరు. కానీ ఆ శాబాదు బండను, గంటను, పాత హాజరు రిజిస్టర్లను భద్రంగా తీసి కొత్త బడిలో పెట్టించండి. దూలాల వేలం పైసలు ఆ ఊరి ఖాతాలోనే వేయండి.

నిలబెట్టదగినదైతే జాగా కాగితాలు సరిచేయండి. ఇది అన్నిటికన్నా ముఖ్యం, అన్నిటికన్నా కష్టం. నోటిమాట మీద జాగా ఇచ్చిన దాత పోయాడు. రికార్డులో భూమి ఇంకా ఆయన పేరునే ఉంది. ఊళ్ళో ధరలు పెరిగాక వారసులు వచ్చి మాది అంటున్నారు. బడి నడుస్తున్నంత కాలం నోరెత్తనివాళ్ళు, ఖాళీ అయిన మరునాడు కంచె వేస్తున్నారు. ఖాళీ చేసేరోజే ఊరి అవసరాలకని పంచాయతీ పేరున రాయించకపోతే తర్వాత ఎన్ని కోర్టుల చుట్టూ తిరిగినా లాభముండదు. అప్పగించేటప్పుడు ఊరి మీదా షరతు పెట్టండి. అమ్మకూడదు, ఒక్కరి పేరున కిరాయికి ఇవ్వకూడదు, ఒక కులానికో ఒక పార్టీకో ఆఫీసు కాకూడదు, ఏటా వానకాలానికి ముందు పెంకలు సర్దించాలి. ఆ షరతు తప్పితే వెనక్కి తీసుకోండి.

2017లో రాష్ట్రం వారసత్వ కట్టడాల కోసం కొత్త చట్టం చేసుకుంది. గుళ్ళు, కోటలు, గడీలు గుర్తుకొచ్చినంత తొందరగా దాని కింద ఊరి బడి ఎవరికీ గుర్తుకు రాదు. దొర గడీని కాపాడుకుంటున్నాం. ఆ గడీ ముందు చెప్పులు విప్పి నడిచిన వాళ్ళ పిల్లలు మొదటిసారి పలక పట్టుకున్న గదిని పడగొడుతున్నాం. నాకు ఇది అన్యాయంగా తోస్తున్నది. ప్రతి పాత బడినీ చారిత్రక కట్టడంగా ప్రకటించమని అడగను. అలా ప్రకటిస్తే ఒక మేకు కొట్టాలన్నా హైదరాబాద్ నుంచి అనుమతి రావాలి. ఊరికి వదిలేయండి, ఊరు చూసుకుంటుంది. మొదట మరమ్మతుకు మాత్రం చేయూతనివ్వండి.

కూల్చివేతలన్నీ వేసవి సెలవుల్లోనే జరుగుతాయి. జూన్‌లో బడి తెరిచేనాటికి జాగా చదునైపోయి ఉంటుంది. కాబట్టి మీ ఉత్తర్వు ఏదైనా సెలవులకు ముందే ఊళ్ళకు చేరాలి. కూల్చడానికి ఇప్పటికే రాసిపెట్టిన బళ్ళ జాబితా మీ కార్యాలయాల్లో ఉంటుంది. దాన్ని పంచాయతీల గోడల మీద అతికించండి, ప్రతి ఊరికీ నెల గడువివ్వండి. గోండు, కొలాం గూడేల్లో ఆ కాగితం వాళ్ళ భాషలో చదివి వినిపించండి. మొదటి గ్రామసభ మార్లవాయిలో పెట్టండి.